పదేళ్ల మాట



జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ పాత కరీంనగర్ జిల్లా పట్టణాలే. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డాక మొదటి రెండూ జగిత్యాల జిల్లాలో ఉన్నాయి, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాకు కేంద్రమైంది. జిల్లాలు వేరైనా ఇళ్ల కష్టం ఒక్కటే. ఒకరు గల్ఫుకు పోతారు, ఒకరు సాంచా (మరమగ్గం) నడుపుతారు, ఇంటి ఆడబిడ్డ బీడీలు చేస్తుంది. సంపాదించే ఒక్క మనిషి పోతే ఆ ఇల్లు ఎంత తొందరగా చెదిరిపోతుందో ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. అలా చెదిరిన ఇళ్ల నుంచి పిల్లల గృహాలకు చేరిన బిడ్డల గురించి, వాళ్లలో ఒకరిని చదివించాలని మనసులో ఉన్న మీలాంటి వాళ్ల గురించి ఈ పూట మాట్లాడుకుందాం.

ఇలా ఒక బిడ్డను చదివించడాన్నే ఇప్పుడు అందరూ స్పాన్సర్‌షిప్ అంటున్నారు. ఆరో తరగతిలో చేరిన బిడ్డ పదో తరగతి దాటడానికి ఐదేళ్లు పడుతుంది. ఇంటర్ రెండేళ్లు, డిగ్రీ మూడేళ్లు. మొత్తం పదేళ్లు. ఒక బిడ్డను చదివిస్తానని మాట ఇవ్వడమంటే ఆ పదేళ్లకూ మాట ఇచ్చినట్టే. నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క లెక్కలోనే ఉంది.

ముందు ఈ పిల్లలు ఎక్కడి నుంచి వస్తున్నారో చూద్దాం. సిరిసిల్లలో సేటు దగ్గర నూలు తెచ్చి నేయించే ఆసామి ఉంటాడు. ఆసామి దగ్గర పిక్కుల లెక్కన కూలి తీసుకునే కార్మికుడు ఉంటాడు. కండెలు చుట్టే ఆడవాళ్లు ఉంటారు. బట్టకు గిరాకీ తగ్గితే సాంచా ఆగుతుంది, అప్పు మాత్రం ఆగదు. 1990ల చివరి నుంచి కొన్నేళ్లపాటు ఈ పట్టణంలో నేతకార్మికుల ఆత్మహత్యలు రాష్ట్రమంతటినీ కలచివేశాయి. ఆ వార్తల్లో చనిపోయిన తండ్రి పేరు ఉండేది, అప్పు ఎంతో ఉండేది. ఆ ఇంటి పిల్లలు తర్వాత ఏ బడికి పోయారు, ఎక్కడ పెరిగారు అన్నది అరుదుగా కనిపించేది.

జగిత్యాల, కోరుట్ల వైపు దుబాయి, మస్కట్, సౌదీ దారి. ఏజెంటుకు కట్టిన అప్పు తీరకముందే మనిషికి బదులు శవపేటిక శంషాబాద్ విమానాశ్రయంలో దిగిన ఇళ్లు ఈ పల్లెల్లో ఉన్నాయి. గల్ఫులో చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఇవ్వాలని, వాళ్ల పిల్లలకు గురుకులాల్లో ప్రాధాన్యం ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో నిర్ణయించింది. మంచి నిర్ణయం. కానీ ఆ సాయం అప్పులవాళ్లకే చాలకపోతే, తల్లి ఒళ్లో చాట పెట్టుకుని పొద్దున్నుంచి రాత్రి దాకా బీడీలు చుట్టినా ముగ్గురు పిల్లల కడుపు నింపడం, చదివించడం ఆమె ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు.

కొండగట్టు కూడా మరిచిపోలేం. 2018 సెప్టెంబర్ 11న శనివారంపేట నుంచి జగిత్యాలకు వస్తున్న ఆర్టీసీ బస్సు కొండగట్టు ఘాట్ రోడ్డు మీద లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. కొడిమ్యాల మండలంలోని కొన్ని పల్లెల్లో ఒక్క పూటలో ఎన్నో ఇళ్లకు అమ్మ లేకుండా పోయింది. అలాంటి ఇళ్లలో అమ్మమ్మ, మేనమామ, పెద్దమ్మ పిల్లలను పంచుకుని పెంచుతారు. వాళ్లకూ శక్తి చాలనప్పుడు పిల్లల గృహం వైపు చూస్తారు.

ఈ మాట చాలామందికి తెలియదు. పిల్లల గృహంలో ఉన్నంత మాత్రాన ఆ బిడ్డకు ఎవరూ లేరని అనుకోవద్దు. చాలామందికి తల్లి ఉంటుంది. లేదా పోషించే స్తోమత లేని తాతో, అమ్మమ్మో ఉంటారు. వాళ్లను అక్కడికి చేర్చింది ప్రేమ లేకపోవడం కాదు, పేదరికం. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం దీన్ని గుర్తించింది. బిడ్డకు రక్షణ ఇవ్వడం, తిరిగి సొంతవాళ్ల దగ్గరికి చేర్చడం పిల్లల గృహానికి ప్రధాన లక్ష్యమని అందులోని 40వ సెక్షన్ చెబుతోంది. ఆదరణ అవసరమైన బిడ్డ దొరికితే 24 గంటల్లోగా జిల్లా బాలల సంక్షేమ సమితి ముందుకు తీసుకురావాలి. ఆ సమితిలో ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. బిడ్డ ఎక్కడ ఉండాలో నిర్ణయించే అధికారం వాళ్లది. మీరో నేనో దారిలో కనిపించిన పాపను నేరుగా తీసుకెళ్లి ఏదో ఒక హాస్టల్‌లో వదిలిపెట్టి రాకూడదు.

చట్టం ఇల్లు ఇల్లు అని ఎందుకు అంటోందో శాస్త్రం కూడా చూపించింది. రుమేనియా దేశపు అనాథ శరణాలయాల్లో ఉన్న 136 మంది పసిపిల్లల మీద 2000 తర్వాత బుకారెస్ట్‌లో ఒక పెద్ద పరిశోధన జరిగింది. చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దాన్ని నడిపారు. సగం మంది పిల్లలను పెంపుడు కుటుంబాలకు అప్పగించి, మిగిలినవాళ్లతో పోల్చుతూ ఏళ్ల తరబడి గమనించారు. కుటుంబంలోకి వెళ్లిన పిల్లల తెలివితేటలు, మనుషులతో కలిసే తీరు మెరుగయ్యాయి. రెండేళ్ల వయసు దాటకముందే ఇల్లు దొరికినవాళ్లకు ఆ మేలు ఇంకా ఎక్కువగా కనిపించింది. తిండి, గూడు ఎంత బాగున్నా పసిబిడ్డకు తనది అనుకునే ఒక మనిషి కావాలి.

అందుకే స్పాన్సర్‌షిప్ మొదలు కావాల్సిన చోటు తల్లి గడప. నెలకు కొంత డబ్బు ఆ ఇంటికి చేరితే బిడ్డ గృహానికి రావాల్సిన అవసరమే ఉండదు. ఇప్పటికే వచ్చిన బిడ్డ కూడా తిరిగి ఇంటికి పోవచ్చు. కేంద్ర ప్రభుత్వపు మిషన్ వాత్సల్య పథకం కింద అలాంటి బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు. భర్త చనిపోయిన, భర్త వదిలేసిన, విడాకులు తీసుకున్న తల్లుల పిల్లలు దీనికి అర్హులు. తల్లిదండ్రులు లేక బంధువుల దగ్గర పెరుగుతున్నవాళ్లు, తల్లికో తండ్రికో ప్రాణాంతకమైన జబ్బు ఉన్నవాళ్లు కూడా అర్హులే. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 రూపాయలు దాటకూడదు. కలెక్టర్ అధ్యక్షతన ఉండే కమిటీ దాన్ని మంజూరు చేస్తుంది. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి.

ఇక్కడ మీరు రూపాయి ఖర్చు లేకుండా చేయగలిగిన సాయం ఒకటుంది. బీడీలు చుట్టే ఆ తల్లికి ఈ పథకం ఉందని తెలియదు. తెలిసినా మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు ఖాతా, బడి బోనఫైడ్ అన్నీ కూడబెట్టడానికి నాలుగు ఆఫీసులు తిరగాలి. తిరిగిన ప్రతి రోజూ ఆమెకు కూలి పోతుంది. గల్ఫులో పోయిన మనిషి కాగితాలైతే తెప్పించుకోవడమే ఒక పెద్ద పని. మీ వాడలో అలాంటి ఇల్లు ఉంటే ఒక రోజు సెలవు పెట్టి ఆమె వెంట మీసేవకు, కలెక్టరేట్‌కు వెళ్లండి. ఆ ఒక్క రోజు ఒక బిడ్డను అమ్మ దగ్గరే ఉంచవచ్చు.

అన్ని ఇళ్లూ అలా నిలబడవు. కొందరు పిల్లలు గృహంలోనే పెరగాలి. వాళ్లను చదివించాలనుకునేవాళ్లు ముందుగా ఆ సంస్థ గురించి తెలుసుకోవాలి. పిల్లల గృహం ప్రభుత్వానిదైనా, స్వచ్ఛంద సంస్థదైనా జువెనైల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్ కింద నమోదు కావాలి. నమోదు లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రిజిస్ట్రేషన్ పత్రం చూపించమని అడగండి. అడగడం అవమానించడం కాదు. మంచి సంస్థ ఆ పత్రాన్ని గోడకు తగిలించి ఉంచుతుంది. డబ్బు చేతికి ఇవ్వకుండా సంస్థ ఖాతాలో వేసి రసీదు తీసుకోండి. పేరులేని క్యూఆర్ కోడ్, కన్నీళ్లు పెట్టించే వీడియో చూసి పంపవద్దు.

గల్ఫులో ఉన్న అన్నలకు, తమ్ముళ్లకు ఒక మాట. భారతీయ పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే విరాళం విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికాలోనో, బ్రిటన్‌లోనో పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపేది మాత్రం విదేశీ విరాళమే. దాన్ని తీసుకునే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలి. ఇది తెలియక మంచి మనసుతో పంపిన డబ్బు సంస్థను చిక్కుల్లో పడేయకూడదు.

ఇప్పుడు గృహం లోపలికి వెళదాం. గోడ వెంట వరుసగా రేకు పెట్టెలు ఉంటాయి. మూత మీద పెయింటుతో పేరో, నంబరో రాసి ఉంటుంది. తాళం చెవి బిడ్డ మెడలోని దారానికి వేలాడుతుంది. ఆ పెట్టె తెరిస్తే రెండు జతల బట్టలు, మడత పెట్టిన యూనిఫాం, సబ్బు, కొబ్బరినూనె సీసా, రిబ్బన్లు కనిపిస్తాయి. పోయిన ఏడు నోటుబుక్కుల్లో మిగిలిన తెల్ల కాగితాలు చింపి, దారంతో కుట్టుకున్న ఒక పుస్తకం ఉంటుంది. అడుగున పాలిథిన్ కవరులో అమ్మ పాస్‌పోర్టు సైజు ఫోటో ఉంటుంది. ఆ బిడ్డకు సొంతమని చెప్పుకోవడానికి ఈ లోకంలో ఉన్నదంతా అదే. ఆ పెట్టెను ఆ బిడ్డను అడగకుండా ఎవరూ తెరవకూడదు, దాతలు కూడా.

ఇంకొకటి చూడండి. ఎవరిదో పుట్టినరోజు. గృహంలో పిల్లలకు భోజనం పెట్టిస్తారు. పిల్లలు బంతిలో కూర్చుంటారు. అన్నం, పప్పు, బూందీ వడ్డిస్తారు. అన్నం ముందున్నా ఎవరూ ముద్ద కలపరు. ఫోటో తీసేదాకా ఆగమని వాళ్లకు ముందే చెప్పి ఉంటారు. ఆకలి మీద ఉన్న చిన్నపిల్లలు వేళ్లు ఒళ్లో దాచుకుని కెమెరా వైపు చూస్తారు. ఆ ఫోటో సాయంత్రానికి వాట్సాప్‌లో వంద గుంపులకు చేరుతుంది. పదేళ్ల తర్వాత ఆ పిల్లల్లో ఒకరు ఉద్యోగం చేసేచోట ఆ ఫోటో ఎవరి ఫోనులోనో తేలుతుంది. అన్నం పెట్టండి, తప్పకుండా పెట్టండి. ఫోటో మాత్రం వద్దు. ఇలాంటి పిల్లల పేరు, ఊరు, బడి, ఫోటో బయటపెట్టడాన్ని జువెనైల్ జస్టిస్ చట్టంలోని 74వ సెక్షన్ నిషేధించింది. ఉల్లంఘిస్తే ఆరు నెలల దాకా జైలు, 2 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. చట్టం లేకపోయినా, మన ఇంట్లో బిడ్డ తింటుండగా పదిమందికీ చూపించి అన్నం పెట్టామని చెప్పుకోం కదా.

స్పాన్సర్‌షిప్ అనే పద్ధతి ఒక తండ్రి బాధలోంచి కూడా వచ్చింది. 1937లో స్పెయిన్ అంతర్యుద్ధంలో జాన్ లాంగ్డన్ డేవీస్ అనే బ్రిటిష్ పాత్రికేయుడికి ఒక చిన్నపిల్లవాడు తారసపడ్డాడు. పట్టణం శత్రువుల చేతికి చిక్కితే తనను చంపేస్తారని, కొడుకు ఎవరికి దొరికితే వాళ్లే వాణ్ని చూసుకోవాలని తండ్రి రాసిన చీటీ ఆ పిల్లవాడి దగ్గర ఉంది. ఆ ఏడాదే అలాంటి పిల్లల కోసం ఆయన ఒక సంస్థను మొదలుపెట్టాడు. ఇప్పుడు ప్లాన్ ఇంటర్నేషనల్ పేరుతో అనేక దేశాల్లో పనిచేస్తున్నది అదే. ఒక దాత, ఒక బిడ్డ, నెలనెలా సాయం, మధ్యలో ఉత్తరాలు. ఈ పద్ధతి అలా లోకమంతా పాకింది.

ఇది పనిచేస్తుందా అన్నది కూడా లెక్క తీశారు. బ్రూస్ వైడిక్, పాల్ గ్లూవీ, లెయిన్ రట్లెడ్జ్ అనే ఆర్థికవేత్తలు ఇండియాతో కలిపి ఆరు దేశాల్లో, చిన్నప్పుడు ఒక సంస్థ ద్వారా దాతల సాయం అందుకుని పెద్దవాళ్లయినవారిని, అందుకోనివారిని పోల్చి చూశారు. ఆ అధ్యయనం 2013లో అచ్చయింది. సాయం అందుకున్నవాళ్లు సగటున ఒక ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఎక్కువ చదివారు. జీతం వచ్చే మంచి ఉద్యోగాల్లోకీ ఎక్కువగా వెళ్లారు. ఏడాది చదువు చిన్నదిగా అనిపించవచ్చు. పదో తరగతి తప్పి సాంచా దగ్గరికి పోయే పిల్లవాడికి, ఐటీఐ చేరే పిల్లవాడికి మధ్య తేడా ఆ ఏడాదే. బీడీ చాట ముందు కూర్చునే అమ్మాయికి, నర్సింగ్ చదివే అమ్మాయికి మధ్య తేడా కూడా అంతే.

ఆ మేలు జరగాలంటే డబ్బు ఎంత అన్నదానికన్నా అది తప్పకుండా రావడం ముఖ్యం. ఒకేసారి 50,000 ఇచ్చి మళ్లీ కనిపించని దాత కన్నా నెలకు 1,000 చొప్పున పదేళ్లు పంపే దాత మీద సంస్థ ఆధారపడగలదు. జూన్‌లో బడి తెరిచేనాటికి ఫీజు ఉందో లేదో ముందే తెలిస్తే ఆ బిడ్డను ఏ కాలేజీలో చేర్చాలో ధైర్యంగా నిర్ణయించవచ్చు. పదో తరగతి దాకా సాయం చేసి ఇంటర్‌లో ఆపేస్తే ఆ బిడ్డ నడి ఏట్లో నిలిచిపోతుంది. మానాల్సిన పరిస్థితి వస్తే విద్యాసంవత్సరం ముగిసేదాకా ఆగి, ముందుగా చెప్పి, మీ చోటికి మరొకరిని తెచ్చి మానండి. చెప్పకుండా ఆగిపోవడం పిల్లలకు డబ్బు నష్టం ఒక్కటే కాదు. మనుషులు ఇలాగే వెళ్లిపోతారని వాళ్లు ఇదివరకే ఒకసారి నేర్చుకున్నారు. మనం రెండోసారి నేర్పకూడదు.

డబ్బుతో పాటు ఉత్తరం రాయండి. తెలుగులో రాయండి. మార్కులెన్ని అని మొదటి వాక్యంలోనే అడగవద్దు. స్నేహితురాలి పేరేమిటి, కబడ్డీ ఆడతావా, ఏ కూర ఇష్టం అని అడగండి. మా ఇంటికి తీసుకెళ్తానని తోచినట్టు మాట ఇవ్వవద్దు. మీరు చదివించే బిడ్డ ఒక్కతెకే గడియారం కొనిస్తే పక్క మంచం మీది పిల్లకు ఆ రాత్రి నిద్ర పట్టదు. కొనాలనుకుంటే అందరికీ క్యారమ్ బోర్డో, కథల పుస్తకాలో కొనండి.

మన దగ్గర ఇంకో సంగతి ఉంది. బతుకమ్మ, దసరా సెలవులొస్తే ప్రతి ఆడబిడ్డా అమ్మగారింటికి పోతుంది. గృహంలోనూ మేనమామ వచ్చి తీసుకెళ్లే పిల్లలు ఉంటారు. ఎవరూ రాని ఐదారుగురు గేటు దగ్గర నిలబడి మిగిలినవాళ్లను సాగనంపుతారు. ఆ తొమ్మిది రోజుల్లో ఒక సాయంత్రం మీ ఇంటి ఆడవాళ్లతో తంగేడు, గునుగు, బంతిపూలు తీసుకుని అక్కడికే వెళ్లండి. పిల్లలతో కలిసి బతుకమ్మ పేర్చండి, ఆడండి. బిడ్డను బయటికి తీసుకెళ్లాలంటే సంస్థ, బాలల సంక్షేమ సమితి అనుమతి కావాలి. మనం వాళ్ల దగ్గరికి పోవడానికి సంస్థను ముందుగా అడిగితే చాలు.

చివరిగా, 18 ఏళ్లు నిండిన రోజు సంగతి. మామూలు ఇంట్లో పిల్లవాడికి 18 ఏళ్లు నిండితే ఓటు వచ్చిందని సంబరపడతాం. గృహంలో పెరిగిన బిడ్డకు ఆ రోజు ఉన్న గూడు వదలాల్సిన రోజు. ఇంటర్ అప్పుడే అయిపోయి ఉంటుంది. అద్దె గదికి అడ్వాన్సు ఎవరిస్తారు? కాలేజీ దరఖాస్తులో తండ్రి ఫోన్ నంబర్ అన్న చోట ఏం రాయాలి? జ్వరం వస్తే ఎవరికి చెప్పాలి? నిజమైన దాత అవసరం అక్కడ మొదలవుతుంది. ప్రభుత్వం కూడా ఇది గుర్తించింది. గృహం వదిలిన యువతకు మిషన్ వాత్సల్య కింద 21 ఏళ్ల దాకా, అవసరమైతే 23 దాకా నెలకు 4,000 రూపాయల తర్వాతి సంరక్షణ సాయం ఉంది. కోవిడ్‌లో తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లల కోసం 2021లో తెచ్చిన పీఎం కేర్స్ ఫర్ చిల్డ్రన్ పథకం కూడా 23 ఏళ్లు నిండేనాటికి 10 లక్షల రూపాయలు చేతికి అందేలా లెక్క వేసింది.

ఇంకో హక్కు చాలామంది పిల్లలకు తెలియకుండానే పోతోంది. పదేళ్లలోపే తల్లిదండ్రులను కోల్పోయి, చూసుకునేవాళ్లు లేక ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన బడిలో, శరణాలయంలో చేరిన పిల్లలు మన రాష్ట్రంలో బీసీ-ఏ జాబితాలో ఉన్నారు. సీట్లలో, ఉద్యోగాల్లో అది పెద్ద తోడు. కానీ ఆ ధ్రువపత్రం గృహంలో ఉండగానే తీసుకోవాలి. బయటికి వచ్చాక నీ కులమేమిటి, నీ ఊరేది అని ఆఫీసుల్లో అడిగితే ఆ బిడ్డ ఎవరిని సాక్ష్యం తెచ్చుకుంటుంది? కాబట్టి మీరు చదివించే బిడ్డ తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆధార్, జనన ధ్రువపత్రం, బీసీ-ఏ పత్రం, బ్యాంకు ఖాతా అన్నీ ఉన్నాయా అని సంస్థను అడగండి. లేకపోతే తెప్పించండి.

పదేళ్లు ఒక్కరే మోయడం కష్టమనిపిస్తే పదిమంది కలవండి. మన ఊళ్లలో పదో తరగతి బ్యాచ్‌లు పాతికేళ్లకు కలుసుకుని ఒకే రంగు చొక్కాలు వేసుకుని, గురువులకు శాలువాలు కప్పి వేడుక చేసుకుంటున్నాయి. ఆ వేడుక రోజునే ఒక బిడ్డ పేరు మీద ఖాతా లెక్క మొదలుపెట్టండి. ఒకరికి ఉద్యోగం పోయినా మిగిలిన తొమ్మిదిమంది ఉంటారు. జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో గ్రామాభివృద్ధి కమిటీలు గుడి కట్టాలన్నా, పండుగ చేయాలన్నా ఇంటింటికీ లెక్క వేసి పైసలు జమ చేస్తాయి. ఆ కమిటీ పుస్తకంలో ఊరి బిడ్డల చదువుకు ఒక పేజీ ఉండాలి. సిరిసిల్లలో కుల సంఘాలు, యూనియన్లు, గల్ఫులో మన ఊరివాళ్ల గుంపులు అదే పని చేయగలవు. తల్లి దగ్గర ఉన్న బిడ్డను తల్లి దగ్గరే నిలపడం ముందు, గృహంలో ఉన్న బిడ్డను చదివించడం తర్వాత, బయటికి వచ్చిన బిడ్డ సొంతంగా నిలబడేదాకా ఫోన్ ఎత్తడం ఆ పైన. మూడూ ఒకే మాటలో భాగాలు.

కష్టంలో ఉన్న బిడ్డ కనిపిస్తే 1098కి ఫోన్ చేయండి. సాయం చేయాలనుకుంటే మీ జిల్లా కలెక్టరేట్‌లో బాలల పరిరక్షణ విభాగాన్ని అడగండి. వెళ్లే ముందు ఇంట్లోవాళ్లతో కూర్చుని నెలకు ఎంత ఇవ్వగలరో, పదేళ్లు ఇవ్వగలరో లేదో ఆలోచించుకోండి. చిన్న మొత్తమైనా సరే. ఆపకుండా ఇవ్వగలిగినంతే ఒప్పుకోండి, ఒప్పుకున్నది ఆ బిడ్డ మొదటి జీతం అందుకునేదాకా ఇవ్వండి.